ఉగాది పొద్దున పిల్లలకు పని ఇవ్వండి

మన పండుగల్లో పసిపిల్లల చేతికి పూర్తిగా అందే పండుగ ఏదని అడిగితే నేను ఉగాదే అంటాను. సంక్రాంతికి ఇంటినిండా పిండివంటల హడావుడి, మరిగే నూనె మూకుళ్లు. పిల్లలు వంటింటి గడప దాటితే పెద్దలకు గుండె దడ. దీపావళి అంటే నిప్పుతో పని. వినాయక చవితికి కథ అయ్యేదాకా నాలుగేళ్ల గుంట అక్షింతలు పట్టుకుని కదలకుండా కూర్చోవాలి. ఉగాదికి కావలసినవి చూడండి: మామిడాకులు, వేపపువ్వు, కొత్త చింతపండు, కొత్త బెల్లం, పచ్చిమామిడికాయ, ఉప్పు, కారం. కత్తిపీట పని ఒక్కటీ తప్పిస్తే మిగిలినదంతా మూడేళ్ల పిల్ల కూడా చేయగలదు. అయినా చాలా ఇళ్లలో పిల్లలు నిద్ర లేచేసరికే పచ్చడి గిన్నెలో సిద్ధంగా ఉంటుంది. ఒక చెంచా నోట్లో పోస్తారు, పిల్లవాడు ముఖం వికారంగా పెడతాడు, పండుగ అయిపోతుంది.

నేను ఒకటి, రెండు తరగతులకు చదువు చెప్పి రిటైరైనదాన్ని. పుట్టిల్లు ఉద్దానం, ఉంటున్నది విజయనగరం. ఉద్యోగం అయిపోయాక మా వీధిలో మూడు నుంచి ఏడేళ్ల లోపు పిల్లల్ని ఉగాది పొద్దున మా ఇంటికి పిలవడం మొదలుపెట్టాను. ఇప్పుడు ఫాల్గుణం రాగానే వాళ్లే గేటు దగ్గర నిలబడి "మామ్మా, పచ్చడి ఎప్పుడు?" అని అడుగుతున్నారు. మీ ఇంట్లోనూ చేయాలనుకుంటే ఎలా మొదలుపెట్టాలో, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలో చెబుతాను.

ఈ వయసు పిల్లలకు చూపించే వేడుక అక్కర్లేదు, చేసే పని కావాలి. మేజిక్ చేసేవాణ్ణి పిలిచి, వరసగా కుర్చీలు వేసి కూర్చోబెడితే పది నిమిషాలకు సగం మంది కుర్చీల కింద ఉంటారు. అదే పిల్లలకు తలా ఒక గిన్నెడు వేపపూత ఇచ్చి పువ్వులు దులపమనండి, అరగంట చప్పుడుండదు. ఈ మాట నాకంటే చాలా ముందే తెలిసినవారు న్యాయపతి రాఘవరావు గారు. 1905లో మనకు పక్కనే ఉన్న బరంపురంలో పుట్టి, రేడియో అన్నయ్యగా తెలుగు ఇళ్లన్నిటికీ తెలిసినాయన. పెద్దలు పిల్లల కోసం మాట్లాడడం కాదు, పిల్లలే మైకు ముందుకు వచ్చి పాడాలి, ఆడాలి అన్నది ఆయన పట్టు. భార్య కామేశ్వరి గారితో కలిసి 1945లో 'బాల' పత్రిక తెచ్చారు. ఇంట్లో చేసే చిన్న వేడుకకైనా నేను ఆ పట్టే పట్టుకున్నాను.

ముందు తేదీ సంగతి. ఉగాది 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న వచ్చింది. 2026లో మార్చి 19. చాంద్రమానపు ఏడాది ఇంగ్లీషు క్యాలెండరు కంటే సుమారు పదకొండు రోజులు తక్కువ కాబట్టి పండుగ ఏటేటా ముందుకు జరుగుతుంది. అధికమాసం వచ్చినప్పుడు మళ్లీ వెనక్కి వెళుతుంది. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది, అందుకే 2027లో ఉగాది ఏప్రిల్ 7కి వెళ్లింది. పిల్లల వేడుకకు ఈ లెక్క ఎందుకంటే, ఏప్రిల్ ఉగాదికి వేపచెట్టు తెల్లగా విరగబూసి ఉంటుంది. మార్చి మధ్యలో వస్తే కొన్ని చెట్లు ఇంకా మొగ్గ మీదే ఉంటాయి. అందుకని వారం ముందే మీ వీధిలో వేపచెట్లన్నీ ఒకసారి చూసి పెట్టుకోండి. ఆ నడకకు పిల్లల్నే వెంటబెట్టుకు వెళ్లండి. ఏ చెట్టు పూసింది, ఏది పూయలేదు అన్నది వాళ్లే మీకు చెబుతారు, రోజూ వచ్చి చెబుతారు.

వేళ పొద్దున్నే పెట్టుకోవాలి. మన కోస్తాలో మార్చి ఆఖరుకే పదకొండు దాటితే ఉక్కపోత తట్టుకోలేం. తలంటు, కొత్త బట్టలు అయ్యాక తొమ్మిదింటికి రమ్మంటాను, పది ముప్పావుకు పంపించేస్తాను. ఆ మీద పిల్లలు అలిసిపోతారు, ఏడుపులు మొదలవుతాయి. పది మందికి మించి పిలవను. నాలుగేళ్ల లోపు పిల్లలతో తల్లో నాయనమ్మో ఎవరో ఒకరు ఉండి తీరాలి. పిలిచేటప్పుడే ఏ పిల్లకు ఏం పడదో అడిగి రాసుకుంటాను. వేరుశనగ పడనివాళ్లు, పాలు పడనివాళ్లు మన వీధుల్లోనూ ఉన్నారు. ఇంకో మాట, ఇది ఒక మతం వాళ్ల పిల్లలకే అనుకోకండి. 2025లో ఉగాది మర్నాడే రంజాన్ వచ్చింది. పచ్చడి కలిపిన చేతులే మర్నాడు పక్కింట్లో షీర్ ఖుర్మా గిన్నెలు అందుకున్నాయి. ఏ ఇంటి పిల్లకైనా బెల్లం తీపే, వేపపువ్వు చేదే.

ఇల్లు అలంకరించడానికి బెలూన్లు కొనకండి. పగిలిన బెలూను ముక్క పసివాడి గొంతుకు అడ్డం పడితే తీయడం చాలా కష్టం. మామిడాకుల తోరణం ఉండగా వాటి అవసరమూ లేదు. పురికొస మీద ఆకు మడిచి, వెనక నుంచి చీపురుపుల్ల ముక్క గుచ్చాలి. ఆరేడేళ్ల వాళ్లు గుచ్చుతారు. నాలుగేళ్ల వాళ్లు ఆకుల్ని పెద్దవి ఒకవైపు, చిన్నవి ఒకవైపు పేరుస్తారు. మరీ చిన్నవాళ్లు తడిగుడ్డతో ఆకు తుడుస్తారు. ఒకే తోరణం మీద మూడు వయసుల పని నడుస్తుంది. తోరణం వంకరగా వస్తుంది, ఒక చోట ఆకులు కిక్కిరిసి, ఇంకో చోట ఖాళీగా ఉంటుంది. సరిదిద్దకండి. వాళ్లు వెళ్లాక కూడా సరిదిద్దకండి, సాయంత్రం చూసుకోవడానికి మళ్లీ వస్తారు.

ఇక్కడ ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. మామిడి తొడిమ తుంచగానే కారే సొన పసివాళ్ల చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది. అందుకే ఆకులు, కాయలు ముందురోజే కోయించి, సొన కారనిచ్చి, కడిగి ఆరబెడతాను. జీడిమామిడి కూడా మామిడి కుటుంబమే. దాని గింజ పెంకులో ఉండే జీడి ఇంకా పదింతలు చెడ్డది. పలాస, కవిటి, సోంపేట వైపు ఉగాది నాటికి తోటల్లో జీడిపళ్లు ఎర్రగా, పచ్చగా వేలాడుతుంటాయి. పిల్లలకు పండు చూపించండి, రసం రుచి చూపించండి. పచ్చి గింజను మాత్రం ముట్టనివ్వకండి. నా చిన్నతనంలో ఉద్దానంలో జీడి మచ్చ లేని పిల్లల చేతులు తక్కువ.

గుమ్మం పని అయ్యాక పసుపు ఆట. దీనికి ఖర్చు లేదు గానీ పిల్లలు ఎక్కువ కాలం గుర్తుపెట్టుకునేది ఇదేనని నా నమ్మకం. పాత తెల్ల పంచె చింపి జేబురుమాళ్లంత ముక్కలు చేస్తాను. ముందురోజే చిక్కటి పసుపు నీళ్లలో ముంచి నీడన ఆరబెడతాను. పిల్లలకు తలా ఒక పసుపు గుడ్డ, దూది చుట్టిన పుల్ల, గిన్నెలో చెంచా వంటసోడా కలిపిన నీళ్లు ఇస్తాను. సోడా నీళ్లు మామూలు నీళ్లలాగే కనిపిస్తాయి. పుల్ల ముంచి గుడ్డ మీద గీస్తే గీత ఎర్రగా లేస్తుంది. పసుపులో ఉన్న రంగు పదార్థానికి క్షారం తగిలితే ఎర్రబడే గుణం ఉంది. పారాణికి మన అమ్మమ్మలు పసుపులో సున్నం కలిపేది ఇందుకే. సున్నం కళ్లలో పడితే ప్రమాదం కాబట్టి పిల్లల చేతికి ఇవ్వను, సోడాయే ఇస్తాను. కాకో, చెట్టో, వాళ్ల నాన్న బండో, ఏదో ఒకటి గీస్తారు. గీసిన దాని మీద పచ్చడికి నానబెట్టిన చింతపండు రసం ఒక చుక్క వేయమంటాను. పులుపు తగలగానే ఎరుపు పోయి మళ్లీ పసుపు వచ్చేస్తుంది. "ఓలమ్మో!" అని అరిచి మళ్లీ సోడా అడుగుతారు. అలా ఎరుపూ పసుపూ మారుస్తూ ఎంతసేపైనా ఉంటారు. చేతులకు, బట్టలకు పసుపు అంటుతుందని కొత్త బట్టల మీద పాత చొక్కా ఒకటి తొడిగి పంపమని తల్లులకు ముందే చెబుతాను.

ఇక అసలు పని, పచ్చడి. దీనికి తొందర పనికిరాదు.

చిన్న గిన్నెల్లో ఆరు రుచులూ విడివిడిగా పెడతాను. బెల్లం, చింతపండు గుజ్జు, వేపపువ్వు, ఉప్పు, మామిడి తురుము, ఆరోది మిరియాల పొడి. పసివాళ్లకు పచ్చిమిర్చి బదులు చిటికెడు మిరియం చాలు. కలపకముందు ఒక్కొక్కటీ నాలుక చివర పెట్టుకోవాలి. బెల్లం దగ్గర అందరూ ముందుకే. మామిడి తురుముకు కళ్లు చికిలిస్తారు. వగరు అంటే ఏమిటో పిల్లలకు మాటల్లో చెప్పలేం. లేత మామిడి టెంక దగ్గరి ముక్క నమిలితే నాలుక ముడుచుకుంటుంది, అదే వగరు. వేపపువ్వు మాత్రం ఒకటో రెండో రేకులు. "సేదుగుంది మామ్మా!" అంటే "సేదే నాయనా, ఇంక బెల్లం తిను" అంటాను. బలవంతం చెయ్యను. ఉమ్మేసినా ఏమీ అనను. నాకు తెలిసి ఒక ఏడు ఉమ్మేసిన పిల్ల మరుసటి ఏడు తనంతట తనే తిని చెల్లెలికి ఎలా తినాలో చూపిస్తుంది. పువ్వు ఒకటి రెండు చాలు గానీ, వేపనూనె, వేపాకు పసరు మాత్రం పసిబిడ్డలకు ఎప్పుడూ తాగించకండి. వేపనూనె వాళ్లకు విషంతో సమానం.

రుచులు చూశాక కలపడం. పది మంది పిల్లలకు, వాళ్ల వెంట వచ్చిన పెద్దలకు నేను వేసే కొలత ఇది: పెద్ద నిమ్మకాయంత కొత్త చింతపండు, తరిగిన బెల్లం ఒకటిన్నర గ్లాసు, ఒక మామిడికాయ తురుము, రెండు చెంచాల వేపపువ్వు, చిటికెడు ఉప్పు, చిటికెడు మిరియం. మా వైపు చాలా ఇళ్లలో అరటిపండు, కొబ్బరి, పుట్నాలపప్పు కూడా వేస్తారు. చిన్నపిల్లలున్నారు కాబట్టి అరటిపండు చిదిపి, కొబ్బరి కోరి, పుట్నాలు పొడి కొట్టి వేస్తాను. చెరుకు ముక్కలు వేయను. బెల్లం కొనేటప్పుడు పసిమి రంగులో మెరిసేది కాకుండా కాస్త నల్లగా ఉన్నది చూడండి. ఆ మెరుపు చాలాసార్లు హైడ్రోసు వేసి తెప్పించిందే. అనకాపల్లి బెల్లం మనకు దగ్గర, తెలిసిన కొట్టులో అడిగితే మందు వేయనిది ఇస్తారు. కొత్త చింతపండు మన్యం నుంచి సంతలకు ఈ రోజుల్లోనే దిగుతుంది. పార్వతీపురం, సాలూరు సంతల నుంచి తెచ్చిన పండు పిల్లలతోనే గింజ తీయిస్తాను. గింజలు పారేయనివ్వను, సగానికి చీల్చి అరగదీస్తే అష్టాచెమ్మాకు పనికొస్తాయి.

ఒక పెద్ద గిన్నె మధ్యలో పెట్టి, ఒక్కొక్కరూ ఒక్కొక్క గిన్నె తెచ్చి వేస్తారు. "నానేత్తాను, నానేత్తాను" అని తోసుకుంటారు, అందుకని వేసే వరస ముందే చీటీలు తీయిస్తాను. కలిపేది మాత్రం అందరికంటే చిన్నపిల్ల. మొదటి చెంచా ఎవరికి పెట్టాలో కూడా ఆ పిల్లే చెబుతుంది. తను కలిపిన పచ్చడిని తినను అన్న పిల్లను నేను ఇంతవరకు చూడలేదు.

పచ్చడి అయ్యాక కాళ్లకు పని చెప్పాలి. పాటల పెట్టె పెట్టడం తేలిక, కానీ మనకు తప్పెటగుళ్లు ఉన్నాయి. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో యాదవులు తరతరాలుగా ఆడుతున్న కళ. గుండ్రని రేకు తప్పెటను గుండెల మీద కట్టుకుని రెండు చేతులతో వాయిస్తూ, కాలి గజ్జెలు మోగుతుంటే గుండ్రంగా తిరుగుతూ ఎగురుతారు. పిల్లలకు బిస్కెట్ డబ్బాల రేకు మూతలు సరిపోతాయి. అంచులు మొరటుగా ఉంటే గుడ్డ చుట్టండి. మెడలో తాడు వేయకండి, పాత నూలుచీర పేలికతో భుజాల మీదుగా వీపుకు కట్టండి. మొదట నేను మెల్లగా ఒక దరువు వేస్తాను, వాళ్లు అందుకుంటారు. తర్వాత ఎవరి దరువు వాళ్లదే. 1919లోనే సంగీత కళాశాల పెట్టిన ఊళ్లో పిల్లలు ఒక పూట రేకు మూతలు మోగిస్తే వీధి ఓర్చుకుంటుంది. ఆడి అలిసినవాళ్లు నీడలో వీరీ వీరీ గుమ్మడిపండుకు కూర్చుంటారు.

అప్పుడు పంచాంగం. పెద్దలకు గుడిలో పంచాంగ శ్రవణం ఉంటుంది, పిల్లలకు నా దగ్గర ఒక నోటుబుక్కు ఉంది. మొదట ఎవరు ఏ సంవత్సరంలో పుట్టారో పేరు చెబుతాను. 2020 ఉగాది తర్వాత, 2021 ఉగాది లోపు పుట్టిన పిల్లలు శార్వరి వాళ్లు. అరవై ఏళ్లకు పేరు తిరిగి వస్తుంది కాబట్టి 1960 ఉగాది నుంచి 1961 ఉగాది దాకా పుట్టిన తాతలు, నాయనమ్మలు కూడా శార్వరి వాళ్లే. ఈ జోడీలను వెతికి పక్కపక్కన కూర్చోబెడతాను. "తాత నేను ఒకే ఏడు పుట్టాం" అని ఆ పిల్ల వీధంతా చెప్పుకుంటుంది. తర్వాత ఒక్కొక్కరికీ ఫలం చదువుతాను. ఆరేళ్ల వాడికి, "నీకు ఈ ఏడు ముందుపళ్లు ఊడి కొత్తవి వస్తాయి." మూడేళ్ల దానికి, "నువ్వు బడికి వెళతావు, మొదటి రోజు ఏడుస్తావు, మూడో వారానికి సెలవు వద్దంటావు." అన్నీ జరిగేవే చెబుతాను, భయపెట్టేది ఒక్కటీ చెప్పను. అన్నీ రాసి పెడతాను. మరుసటి ఉగాదికి నోటుబుక్కు తెరిచి చదివితే, నిజమైన ప్రతిదానికీ నోరు తెరిచి ఊడిన పన్ను చూపిస్తారు.

తిండి దగ్గర తక్కువే మేలు. పచ్చడి తిన్న కడుపులు చిన్నవి. పులిహోర కొంచెం, పాకం లేని చిన్న బొబ్బట్టు ఒకటి, మజ్జిగ. పులిహోరలో పల్లీలు, జీడిపప్పు వేయను, నాలుగైదేళ్ల లోపు వాళ్లు గుండ్రని గింజలు సరిగా నమల్లేరు. ద్రాక్షపళ్లు పెడితే నిలువుగా నాలుగు ముక్కలు చేయాలి. బూరెలు చేస్తే పూర్తిగా చల్లారాకే ఇవ్వండి, పైన చల్లగా ఉన్నా లోపల పూర్ణం కాలుతూనే ఉంటుంది. ఏడాది నిండని బిడ్డ ఎవరి చంకనైనా ఉంటే తేనె నాకించకండి, మన్యం తేనె ఎంత మంచిదైనా సరే. రంగు నీళ్ల సీసాలకు బదులు చోడి అంబలి పల్చగా చేసి మజ్జిగ కలిపి ఇవ్వండి. మన చోళ్లు మన పిల్లలకు కొత్తవైపోవడం నాకు బాధగా ఉంటుంది.

వెళ్లేటప్పుడు చేతిలో ఏదైనా పెట్టాలనుకుంటే, ప్లాస్టిక్ బొమ్మల పొట్లాలు వద్దు. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అక్కడ అంకుడు కర్రను లేత్ మిషను మీద తిప్పుతూ రంగు లక్కను ఆనిస్తారు, రాపిడి వేడికే లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. మొగలి ఆకుతో మెరుగు పెడతారు. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల వంటి వాటితో తీసిన రంగులు. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2025 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో మన రాష్ట్ర శకటం ఇవే. ఐదేళ్లు దాటినవాళ్లకు బొంగరం, చిన్నవాళ్లకు నోట్లో పట్టనంత పెద్ద గిలక. అందరికీ కొనే స్తోమత లేకపోతే వీధి అంతటికీ ఒక లక్కపిడతల బుట్ట కొని మీ ఇంట్లోనే ఉంచండి. పిల్లలే వచ్చి గుజ్జనగూళ్లు వండుకుంటారు. ఇక పసుపు గుడ్డ ఎలాగూ ఎవరిది వాళ్లకే.

అపార్టుమెంట్లో ఉన్నవాళ్లు అరుగు లేదని ఆగిపోకండి. మెట్ల దగ్గరి ఖాళీ జాగాలో చాప పరిస్తే పది మంది పడతారు. తప్పెటలు ఒక్కటీ డాబా మీదకు తీసుకెళ్లండి, ఎండెక్కకముందే. పిట్టగోడ ఎత్తు చూసుకోండి, ఒక పెద్దమనిషి అటువైపు నిలబడాలి.

ఇంత చేసి అలసిపోయి, మళ్లీ ఏడాదికే అనుకోకండి. తొమ్మిదో రోజున శ్రీరామనవమి ఉంది. రామతీర్థంలో కల్యాణం చూడటానికి పెద్దలు వెళతారు, పసివాళ్లను ఆ జనంలోకి తీసుకెళ్లలేనివాళ్లు ఇంట్లోనే ఉంటారు. వాళ్లను పిలిచి పానకం చేయించండి. బెల్లం కరిగించడం, యాలకులు వొలవడం పిల్లల పని. మిరియాలు దంచడం మీ పని, బాగా మెత్తగా దంచి గుడ్డతో వడకట్టండి, లేకపోతే గొంతు పట్టి దగ్గుతారు. వడపప్పు నానబెట్టేది ముందురాత్రి కాదు, పొద్దున రెండు గంటల ముందు. పెసరపప్పు కాబట్టి అంతే చాలు, ఎక్కువ నానితే ఈ ఎండలకు పులిసిపోతుంది.